బూట్ ఫైళ్లు ఎక్కడుంటాయి, యాంటీవైరస్ వాటిని చూస్తుందా?

సీ డ్రైవ్ మొత్తం స్కాన్ చేస్తే బూట్ ఫైళ్లు కూడా అయిపోయినట్టేనా అని అడిగారు. కాదండి. ఇప్పటి విండోస్ కంప్యూటర్లలో బూట్ మేనేజర్ (ఆన్ చేయగానే విండోస్‌ను లేపే ప్రోగ్రాం) ఉండేది ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న భాగంలో, మామూలుగా 100 ఎంబీ పైచిలుకు ఉంటుంది, దానికి డ్రైవ్ లెటర్ ఉండదు కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో మనకు కనపడదు. పాత బయోస్ మెషీన్లలో అయితే బూట్ మొదలయ్యేది డిస్క్ మొదటి సెక్టార్ (డిస్క్‌లో ఓ చిన్న ముక్క) నుంచి, 512 బైట్లు, అసలు ఫైలే కాదది.

ఇక్కడ వైజాగ్‌లో, డాబాగార్డెన్స్ వైపు ఒక షాపులో సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి "వైరస్ మొత్తం పోయింది సార్" అన్నారు నాతో, కానీ ఆ చిన్న పార్టిషన్‌ని ముట్టుకోనే లేదు!

మంచి యాంటీవైరస్ డ్రైవ్ లెటర్‌తో పని లేకుండా ఆ సెక్టార్లను, ఆ పార్టిషన్‌ను నేరుగా చదువుతుంది, క్విక్ స్కాన్‌లో కూడా. చిక్కేమిటంటే బూట్ భాగంలో దాక్కునే వైరస్, అంటే బూట్‌కిట్ విండోస్ కంటే ముందే లేస్తుంది, లేచాక యాంటీవైరస్ అడిగినప్పుడు అంతా బాగానే ఉన్నట్టు దొంగ సమాధానం చెప్పగలదు. అందుకే అనుమానం ఉంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, రీస్టార్ట్ అయ్యి మామూలు విండోస్ లేవకుండానే వెతుకుతుంది, ఓ పావుగంట. నమ్మకమైన సంతకం లేని బూట్ ప్రోగ్రాంను లేవనివ్వని సెక్యూర్ బూట్ ఆపేసి ఉంటే ముందు అది ఆన్ చేయండి.