లైసెన్స్ వచ్చాక పేరు మార్పిద్దాం అనుకున్నాం, ఈలోగా యాక్సిడెంట్ అయింది

ప్రశ్న (పెద్ద ఉత్తరాన్ని ఇక్కడ కుదించాం): మాది తెనాలి. మా అబ్బాయికి 19 ఏళ్లు, గుంటూరులో డిగ్రీ చదువుతున్నాడు. మే 30న గేరు బండికి ఎల్‌ఎల్‌ఆర్ తీసుకున్నాడు. పెద్ద బండే కావాలని పట్టుబడితే, తెలిసినాయన దగ్గర 350 సీసీ బండి జూన్ 8న లక్షా 15 వేలకు కొన్నాం. "పర్మనెంట్ లైసెన్స్ రాగానే పేరు మార్పిద్దాం, ఫుల్ ఇన్సూరెన్స్ నవంబరు దాకా ఉంది" అన్నాడాయన. జులై 21న అబ్బాయి ఒక్కడే కాలేజీకి వెళ్తుంటే నారాకోడూరు దగ్గర సైకిల్ మీద ఒక పెద్దాయన అడ్డు వచ్చారు. బ్రేకు పడలేదు. ఆయన చెయ్యి, మావాడి కాలు విరిగాయి. రోడ్డు పక్కన 450 రూపాయలకు కొన్న హెల్మెట్ ఊడి పగిలిపోయింది, నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. పోలీసు కేసు నమోదైంది. బండి రిపేరుకు 58 వేలు అయింది. ఇన్సూరెన్స్ కంపెనీ ఆగస్టు 12న క్లెయిమ్ ఇవ్వమని లెటర్ పంపింది. మా ఆవిడ సరిగా అన్నం తినడం లేదు. బ్రేకులు లేని బండి అంటగట్టినాయన మీద, హెల్మెట్ అమ్మినవాడి మీద కేసు వేయవచ్చా? మా బావమరిదికి లైసెన్స్ ఉంది. ఆయన నడిపినట్టు చెప్పి, అమ్మకం కాగితం జులై 15 తేదీతో రాయిస్తే డబ్బు ఇప్పిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. పెద్దాయన కొడుకులు 40 వేలు ఇస్తే రాజీ పడతామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో బ్రేకుల గురించి ఒకటిన్నర పేజీ, హెల్మెట్ గురించి ఒక పేజీ రాశారు. కంపెనీతో మీ వ్యవహారాన్ని తేల్చేది వాటిలో ఏదీ కాదు. "లైసెన్స్ రాగానే పేరు మార్పిద్దాం" అని మధ్యలో రాసి వదిలేశారే, ఆ ఒక్క వాక్యం తేల్చేస్తుంది. జులై 21న సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పత్రం ఎవరి పేరు మీద ఉంది? పాలసీ ఎవరి పేరు మీద ఉంది? రెండూ అమ్మినాయన పేరు మీదే ఉన్నాయి. అలాంటప్పుడు బండికి అయిన 58 వేలు మీకు ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదు.

బండి సొంతం చేసుకోవడానికి డ్రైవింగ్ లైసెన్స్ అక్కర్లేదు. ఈ అపోహ మొదటి బండి కొనే ఇళ్లలో ఎక్కువగా చూస్తున్నాను. లైసెన్స్ నడపడానికి కావాలి, పేరు మార్పుకు కాదు. బండి చేతులు మారిన రోజు నుంచి 14 రోజుల్లో అమ్మినవారు ఫారం 29తో, 30 రోజుల్లో కొన్నవారు ఫారం 30తో ఆర్టీవోకు తెలపాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది. పాలసీలో పేరు మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలని సెక్షన్ 157 చెబుతోంది. మీ గడువులు జూన్ 22న ఒకటి, జులై 8న మరొకటి దాటిపోయాయి. లక్షా 15 వేలు లెక్కపెట్టి ఇచ్చిన చేత్తోనే ఫారాల మీద సంతకాలు పెట్టించుకోవాల్సింది. ఇది మీ అజాగ్రత్తే. అమ్మినాయన మాట నమ్మామంటే చట్టం వినదు.

సెక్షన్ 157 కింద పాలసీ దానంతట అదే మీకు మారినట్టేనని ఎవరో మీకు చెప్పారని రాశారు. అది సగమే నిజం. అలా మారేది ఎదుటివారికి జరిగిన నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ భాగం మాత్రమే. సొంత బండి నష్టం కంపెనీకి, పాలసీదారుకు మధ్య ఒప్పందం. కొత్త యజమానితో కంపెనీ ఆ ఒప్పందం చేసుకోలేదు. కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఈ తేడా చెప్పింది. జులై 15న కొన్నట్టు రాస్తే ప్రమాదం నాటికి 14 రోజుల గడువు దాటదని ఏజెంటు లెక్క. గడువులో ఉన్నా సొంత బండి నష్టం మీకు మారదు కాబట్టి, ఆయనకు కూడా చట్టం సరిగా తెలియదు.

పేరు మారి ఉన్నా మరో అడ్డంకి ఉండేది. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేవారికి కేంద్ర మోటారు వాహనాల నియమావళి రూల్ 3 వర్తిస్తుంది. లైసెన్స్ ఉన్న, నేర్పే మనిషి వెంట ఉండాలి. బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. బైకు మీద నేర్పే మనిషిని తప్ప వేరేవాళ్లను ఎక్కించుకోకూడదు. మన పాలసీల్లో డ్రైవర్ షరతు కింద ఈ రూల్ 3 పేరే అచ్చులో ఉంటుంది. మీ అబ్బాయి ఒక్కడే వెళ్లాడు, ఎల్ బోర్డు లేదు. పైగా ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత పరీక్షకు వెళ్లవచ్చు. జులై మొదటి వారంలో స్లాట్ తీసుకుని పాసై ఉంటే ఈ షరతు అడ్డం వచ్చేదే కాదు. బండి కొనడానికి చూపిన తొందర పరీక్ష విషయంలో చూపలేదు.

ఇక ఏజెంటు సలహా గురించి. ఆ మనిషిని మళ్లీ ఇంటికి రానివ్వకండి. బండి నడిపింది ఎవరో ఇప్పటికే కనీసం మూడు చోట్ల రాసి ఉంటుంది. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు రాసిన మెడికో లీగల్ రిజిస్టరులో, కేస్ షీట్‌లో, పోలీసులు తీసుకున్న వాంగ్మూలాల్లో. కాలు విరిగింది మీ అబ్బాయికి, నుదుటి మీద కుట్లు పడింది మీ అబ్బాయికి. మీ బావమరిది ఒంటి మీద చిన్న గీత కూడా లేకుండా ఆ బండి ఎలా నడిపాడని కంపెనీ ఇన్వెస్టిగేటరు మొదటి నిమిషంలోనే అడుగుతాడు. అబద్ధం చెప్పి డబ్బు రాబట్టాలని చూడటం భారతీయ న్యాయ సంహిత 318(4) కిందికి, మోసం కోసం పాత తేదీతో కాగితం సృష్టించడం 336(3) కిందికి వస్తాయి. రెండింటికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఇప్పుడు మీది 58 వేల నష్టం. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రోజున అబ్బాయి, బావమరిది, మీరు ముగ్గురూ ముద్దాయిలవుతారు. దయచేసి ఆ పని చేయవద్దు.

బ్రేకుల సంగతి. యాక్సిడెంట్ కేసుల్లో బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసి రిపోర్టు ఇస్తారు. ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగిందా లేదా అన్నది అందులో ఉంటుంది. పోలీస్ స్టేషన్ నుంచి దాని నకలు తీసుకోండి. లోపం లేదని ఉంటే అమ్మినాయన మీద బ్రేకుల కేసు అక్కడితో ఆగిపోతుంది. లోపం ఉందని రాసినా, ఆ బండిని మీరు 43 రోజులు నడిపారు కదా అని ఆయన అడుగుతాడు. పైగా బండి స్టేషన్ నుంచి రాగానే బ్రేక్ ప్యాడ్లు మార్పించేసి పాతవి మెకానిక్ దగ్గరే వదిలేశామని రాశారు. సాక్ష్యం మీ చేతులారా పోయింది. ఆయన వ్యాపారి కాదు, మామూలు వ్యక్తి. కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు కాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. నా సలహా అడిగితే, దాని మీద డబ్బు ఖర్చు పెట్టవద్దు.

హెల్మెట్ విషయంలో కొంచెం అవకాశం ఉంది. పగిలిన హెల్మెట్ ఉందా? ఉంటే అతుకు వేయకండి, కడగకండి, ఉన్నది ఉన్నట్టు సంచిలో భద్రపరచండి. లోపల, వెనక, స్టిక్కరు మీద ఐఎస్ఐ గుర్తు ఉందేమో, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉందేమో చూడండి. ఆ నంబరును, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ తెచ్చిన బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీది, చెల్లుబాటులో ఉందా లేదా తెలిసిపోతుంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. నంబరు లేకపోయినా, అది దొంగ నంబరు అయినా అదే యాప్‌లో ఫిర్యాదు చేయండి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. బిల్లు లేదన్నారు, ఫోన్‌లో యూపీఐ ద్వారా కట్టామని కూడా రాశారు. ఆ చెల్లింపు వివరాలే మీకు బిల్లుతో సమానం. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. కానీ ఒక విషయం అబ్బాయిని నిజం చెప్పమని అడగండి: పట్టీ బిగించుకున్నాడా? హెల్మెట్ ఊడిందని మీరే రాశారు. తలకు పట్టీతో బిగించి ఉండాలని సెక్షన్ 129 స్పష్టంగా చెబుతోంది. పట్టీ పెట్టుకోకపోతే గాయానికి హెల్మెట్ నాణ్యతే కారణమని నిరూపించడం చాలా కష్టం. అప్పుడు ఫిర్యాదు దొంగ గుర్తు వరకే పరిమితం చేయండి.

పెద్దాయన సంగతి ఉత్తరం చివర నాలుగు లైన్లలో రాశారు. నిజానికి మీరు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది అదే. ఆయన విషయంలో పాలసీ పనిచేస్తుంది. థర్డ్ పార్టీ భాగం మారినట్టే లెక్క. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు నడిపినా మూడో వ్యక్తికి కంపెనీ చెల్లించాల్సిందేనని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రూల్ 3 పాటించలేదు కాబట్టి ఇచ్చిన డబ్బు మీ దగ్గర రాబట్టుకుంటామని కంపెనీ వాదించవచ్చు. అందుకే పెద్దాయన వేసే పరిహారం కేసులో మీ తరఫున వకీలు తప్పకుండా ఉండాలి. తెల్లకాగితం మీద 40 వేల రాజీ మాత్రం వద్దు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తామనడం పాలసీ షరతులకు విరుద్ధం. రేపు చేతికి మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఆ కాగితం ఆయన్నీ కాపాడదు, మిమ్మల్నీ కాపాడదు. ప్రమాదం వివరాలతో కంపెనీకి ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచండి. పెద్దాయన కుటుంబానికి కూడా చెప్పండి: పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు, అంటే జనవరి 21 లోపు. ఆ గడువు చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో వివాదం నడిచింది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. సి-బుక్కులో పేరున్న అమ్మినాయన కూడా అందులో ప్రతివాది అవుతాడు. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు రిజిస్టర్డ్ యజమానినే బాధ్యుడిగా చూసింది. ఈ మాట ఆయనకు చెప్పండి, ఫారాల మీద సంతకాలకు వెంటనే వస్తాడు.

ఇప్పుడు పేరు మార్పు. ఆలస్య రుసుము కట్టైనా ఈ నెలలోనే చేయించండి. అబ్బాయి పేరు మీదా, మీ పేరు మీదా అని అడిగారు. అబ్బాయే నడిపితే అబ్బాయి పేరు మీదే పెట్టండి. పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల ప్రమాద బీమా సి-బుక్కులో, పాలసీలో పేరుండి, సరైన లైసెన్స్‌తో నడిపే యజమానికే వర్తిస్తుంది. మీ పేరు మీద ఉంటే వాడికి అది రాదు. ఆ వెంటనే పాలసీ బదిలీకి కంపెనీకి రాయండి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది కాబట్టి ఆ తేడా మీరు కట్టాల్సి ఉంటుంది. తిరస్కరణ లెటర్ మీద హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా వెళ్లే హక్కు మీకుంది. కానీ పైన చెప్పిన కారణం వల్ల మీకు అనుకూలంగా వస్తుందని నేను ఆశ పెట్టను.

బండి గురించి కూడా ఒక మాట, మీరు అడగకపోయినా. గేరు బండి లైసెన్స్ ఉంటే 100 సీసీ అయినా 350 సీసీ అయినా చట్టం తేడా చూడదు. కానీ 350 సీసీ బండ్లు చాలావరకు 190 కిలోల దగ్గర ఉంటాయి, 100 సీసీ బండి 110 కిలోల చుట్టూ ఉంటుంది. నెలన్నర క్రితం క్లచ్ పట్టుకోవడం నేర్చుకున్న కుర్రాడు ఆ బరువును హఠాత్తుగా ఆపడం మాటలు కాదు. కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి, పడిపోయిన బండిని ఒంటరిగా లేపగలగాలి. 125 సీసీ దాటిన బండి తీసుకుంటే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్నదే తీసుకోండి. 2019 ఏప్రిల్ తర్వాత తయారైన వాటికి అది తప్పనిసరి. కొత్త బండి కొంటే ఐఎస్ఐ హెల్మెట్ కూడా ఇవ్వాలని రూల్ 138లో ఉంది, అడిగి తీసుకోండి. పేరు మార్చాక ఈ బండి అమ్మేసి చిన్నది కొనండి. అమ్మేటప్పుడు ఫారం 29 మీరే ముందు ఇవ్వండి.

అబ్బాయి ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలకు, నవంబరు 29తో ముగుస్తుంది. కాలు అప్పటికి కుదిరి డాక్టరు సరేనంటే ఆలోగా స్లాట్ తీసుకోండి. కుదరకపోతే తొందరపెట్టకండి, కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోవచ్చు. పరీక్ష పాసయ్యేదాకా బండి తాళం మీ దగ్గరే ఉంచుకోండి.