గ్రీజు కడిగే ట్రైక్లోరోతో జాగ్రత్త: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇంజన్ విడిభాగాలు కడిగే పని నాది. ట్రేలో ట్రైక్లోరోఎథిలీన్ పోసి బ్రష్‌తో గ్రీజు వదిలిస్తాం. పెట్రోలులా అంటుకోదు కాబట్టి భయం లేదంటారు మా మేస్త్రీ. సాయంత్రానికి తల దిమ్మెక్కి, కడుపులో తిప్పుతోంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సరిపోదు. గుడ్డ దుమ్మును ఆపుతుంది, ఆవిరిని ఆపలేదు. ఆ దిమ్ము ఉత్త అలసట అనుకోకండి. ఒకప్పుడు ఆపరేషన్లకు మత్తుమందుగా వాడింది ఈ ట్రైక్లోరోనే. ఎక్కువ పీలిస్తే గుండె లయ తప్పి మనిషి ఉన్నపళంగా కూలిపోవచ్చు.

తేలిగ్గా అంటుకోదన్న మాట నిజమే. కానీ దాని ఆవిరి వెల్డింగ్ ఆర్క్‌కో, ఎర్రగా కాలిన ఇనుముకో తగిలితే విరిగిపోయి హైడ్రోజన్ క్లోరైడ్, ఫాస్జీన్ వాయువులు పుడతాయి. ఫాస్జీన్ పీల్చినవాళ్లకు మొదట కాస్త దగ్గొచ్చి తగ్గినట్టే ఉంటుంది. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కాబట్టి కడిగేచోట వెల్డింగ్ గానీ బీడీ గానీ వద్దు. కడిగిన సామాను పూర్తిగా ఆరాకే వెల్డింగుకు పంపాలి.

దీని ఆవిరి గాలికంటే నాలుగున్నర రెట్లు బరువు, నేలబారుగా పాకి గుంటల్లో చేరుతుంది. గోడ పైభాగాన బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను దీన్ని లాగలేదు. సీలింగ్ ఫ్యాను ఆవిరిని మీ ముఖం మీదికే తోస్తుంది. ట్రే వెనక అంచున, మీకు ఎదురుగా, సన్నటి సందులోంచి గాలి లాగి బయటికి వదిలే గొట్టం ఉండాలి. పని లేనప్పుడు ట్రేకి మూత పెట్టండి. వాహనాల కింద పనిచేసే గుంట పక్కన ట్రే పెట్టనే వద్దు. ఆవిరి నిండిన గుంటలో ఎవరైనా పడిపోతే, బయటినుంచి గాలి అందించే పరికరం లేకుండా కాపాడటానికి దిగినవాడూ పడిపోతాడు.

వాసనను నమ్ముకోకండి. 8 గంటల పనికి 10 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 10 పాళ్లు) మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సిఫార్సు. చాలామందికి వాసన తెలిసేసరికే ఆ హద్దు దాటిపోతుంది, కాసేపటికి ముక్కు అలవాటుపడుతుంది కూడా. పల్చటి రబ్బరు, నైట్రైల్ గ్లవ్స్‌లోంచి ఇది నిమిషాల్లోనే చొరబడుతుంది. వైటాన్ అనే ప్రత్యేక రబ్బరు గ్లవ్స్ ఖరీదైనా, దీన్ని బాగా ఆపుతాయి.

మా మాటగా చెప్పాలంటే, దీన్ని మానేయడమే మేలు. మూత్రపిండాల క్యాన్సర్‌కు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. అమెరికా 2024 డిసెంబరులో నిషేధ నిబంధన ఖరారు చేసింది. ఇనుప సామానుకు వేడి నీళ్లలో క్షార డిటర్జెంట్ వేసి కడిగి, కంప్రెసర్ గాలితో ఆరబెడితే చాలా పనులు జరిగిపోతాయి. అల్యూమినియాన్ని మాత్రం క్షారం తినేస్తుంది, దానికి తేలిక రకం అడగండి. మారేటప్పుడు ఒక్క జాగ్రత్త: ట్రైక్లోరో మిగిలి ఉన్న ట్రేలో కాస్టిక్ సోడా పోయకండి. డైక్లోరోఎసిటిలీన్ అనే విషవాయువు పుట్టి, పేలిపోగలదు.

ప్రశ్న: మావారు ఇలాంటి పనిలోనే నెల కిందట చేరారు. మందు తాగితే ముఖం, మెడ ఎర్రగా కందిపోతున్నాయి. రెండు రోజులుగా జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు. చర్మ వ్యాధేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఎర్రబడటం వేరు, ఈ జ్వరం వేరు అమ్మా. మద్యం ఒంట్లో విరిగే పనికి ట్రైక్లోరో అడ్డుపడటం వల్ల మొదటిది వస్తుంది. రెండోది ప్రమాదకరం. పనిలో చేరిన తొలి రెండు నెలల్లోపే కొందరికి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, వెంట కాలేయం దెబ్బతింటుంది. పని ఈరోజే మాన్పించి ఆస్పత్రికి తీసుకెళ్లండి. కళ్లు పచ్చబడినా, నోట్లో పుండ్లు పడినా గంట కూడా ఆగవద్దు. డ్రమ్ము మీది లేబులు ఫోను‌లో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి, లేకపోతే ఏవో మాత్రలు పడక వచ్చిన మామూలు రియాక్షన్ అనుకునే వీలుంది. కాలేయ పరీక్షలు అడగండి.

ఈఎస్ఐ ఉంటే ఆ కార్డు కూడా పట్టుకెళ్లండి. హైడ్రోకార్బన్ల విషపూరిత హాలోజన్ సమ్మేళనాల (ట్రైక్లోరో ఆ కోవదే) వల్ల వచ్చే జబ్బులు చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. కేస్ షీటులో రసాయనం పేరు, పనిలో చేరిన తేదీ రాయమని డాక్టరును అడిగి మరీ రాయించుకోండి.