ఓక్ చెట్టు మన ఎండకు నిలుస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒహాయోలో ఉంటాడు. వాళ్ల పెరట్లో వైట్ ఓక్ చెట్టు చూసి ముచ్చటపడి, వచ్చేటప్పుడు కాయలు తెమ్మన్నాను. మా ఇంటి ముందు వేస్తే పెరుగుతుందా? దాని చెక్క అంత గట్టిదా? విజయవాడలో ‘ఓక్ ఫినిష్’ డైనింగ్ టేబుల్ చూశాం, కొనొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాయలు తేవద్దని ముందు అబ్బాయికి ఫోన్ చేయండమ్మా. అనుమతి లేకుండా బయటి దేశాల విత్తనాలు తెచ్చి నాటడానికి మన క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు, పైగా ఈ కాయ ఎండిందంటే మొలవదు. మొలిచినా ఇక్కడ నిలవదు. ఆకంతా రాల్చేసి, గడ్డకట్టే చలిలో నెలల తరబడి నిద్రపోయి లేచే చెట్టది, గుంటూరు వాతావరణంలో దానికా విశ్రాంతి ఎక్కడిది?

అక్కడ మాత్రం దాని దర్జాయే వేరు. 25, 30 మీటర్లు పెరుగుతుంది, వందల ఏళ్లు బతుకుతుంది. ఆకు అంచు గుండ్రటి పాయలుగా ఉంటే వైట్ ఓక్, పాయల కొసలు సూదిగా ఉంటే రెడ్ ఓక్.

చెక్క సంగతి చెప్పాలి. నీరు పారే సన్నటి గొట్టాలు ఏ చెక్కలోనైనా ఉంటాయి, కానీ వైట్ ఓక్ చేవలో చెట్టే వాటిని లోపల్నుంచి పొరలతో మూసేస్తుంది. అందుకే వైన్, విస్కీ పీపాలకు అది పనికొస్తుంది. 1797లో అమెరికా నేవీ నీళ్లలోకి దించిన కాన్‌స్టిట్యూషన్ ఓడకు పైచెక్కలు వైట్ ఓక్‌వే, ఆ ఓడ ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతూనే ఉంది. రెడ్ ఓక్‌లో గొట్టాలు తెరిచే ఉంటాయి, చిన్న ముక్కను ఒక కొసన నోట పెట్టుకుని ఊదితే గాలి రెండో కొస నుంచి వచ్చేస్తుంది! అది పీపాకు పనికిరాదు. మనవాళ్లు తంగేడు పట్టతో తోళ్లు పదును చేసినట్టే అక్కడ ఓక్ పట్టతో చేసేవాళ్లు. తోలును పదును చేసే ఆ వగరు చెక్కలోనూ ఉంటుంది, ఇనుప మేకు కొట్టి తడి తగిలితే చుట్టూ నల్లబడుతుంది.

ఇక టేబుల్. ‘ఫినిష్’ అన్నారంటే అది రంగు మాట, చెక్క మాట కాదు. కింద చాలాసార్లు చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన ఎండీఎఫ్‌ గానీ రబ్బర్‌వుడ్ గానీ ఉంటుంది. వంగి బల్ల అంచు చూడండి, పైనున్న చార అంచులోకి దిగకుండా తెగిపోతే అతికించిన పొరే. షాపువాళ్లు ఓక్ ధర అడిగితే బిల్లు మీద ‘సాలిడ్ ఓక్’ అని రాయించుకోండి, రాయనంటే వదిలేయండి. అంత డబ్బు పెట్టేటప్పుడు మన టేకు ఏం తక్కువ?

నీడ కోసమైతే ఇంటి ముందు కానుగ వేయండి. ఊళ్లో పొలం గట్టు, దగ్గర్లో కాలువ ఉంటే తెల్లమద్ది నాటండి, మీరు మనసుపడ్డ ఆ భారీతనం దానికీ వస్తుంది.