పాపా, ఆ యాంపర్సండ్ మర్చిపోవద్దు

పాపా,

జావా ఉద్యోగం మానేసి, కావలిలో రొయ్యలు కొనేవాళ్లకి కాటా మెషిన్‌లో నడిచే బిల్లింగ్ ప్రోగ్రాం సీ ప్లస్ ప్లస్‌లో రాస్తానన్నావట, అక్క ఫోన్లో చెప్పింది. సంబరంగానే ఉంది కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డిరైవ్డ్ (పిల్ల క్లాసు) ఆబ్జెక్టుని బేస్ (తల్లి క్లాసు) టైపుకి మార్చడానికి కాస్ట్, అంటే టైపు మార్చమని విడిగా, రాయనక్కర్లేదు, పబ్లిక్ ఇన్‌హెరిటెన్స్ అయితే కంపైలరే చూసుకుంటుంది. బేస్ ఫంక్షన్‌కి వర్చువల్ పెట్టు, పిల్ల క్లాసులో ఓవర్‌రైడ్ రాయి, అప్పుడు అసలు ఆబ్జెక్టు ఏ క్లాసుదైతే ఆ క్లాసు ఫంక్షనే నడుస్తుంది. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా ఇంకోటి. జావాలో వేరియబుల్ పట్టుకునేది రిఫరెన్సునే, ఎటు పంపినా ఆబ్జెక్టు చెక్కుచెదరదు. ఇక్కడ అలా కాదు. అప్పట్లో మా టీంలో ఒకాయన సరుకు అని బేస్ క్లాసు, దాని కింద రొయ్య అని ఇంకో క్లాసు రాశాడు. సరుకులో బరువు, మామూలు రేటు; రొయ్యలో కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయో) కూడా. కిలోకి 30 తూగే రొయ్యకీ 100 తూగే రొయ్యకీ ధరలో ఎంత తేడానో నెల్లూరోళ్లకి ఒకరు చెప్పాలా! ధర ఫంక్షన్ వర్చువలే. కానీ బిల్లు ఫంక్షన్ పారామీటర్‌లో ఉత్త సరుకు అని రాసి యాంపర్సండ్ (&, కాపీ కాకుండా అసలు ఆబ్జెక్టునే రిఫరెన్సుగా తీసుకోమనే గుర్తు) వదిలేశాడు. దాంతో బేస్ కాపీ కన్‌స్ట్రక్టర్ సరుకు భాగం వరకే కాపీ చేసింది, లోపలికి వెళ్లింది అసలు రొయ్యే కాదు, ఇక వర్చువల్ ఉండి ఏం లాభం, బేస్ రేటే పడింది. ఎర్రర్ లేదు, క్రాష్ లేదు, బిల్లు చక్కగా ప్రింటయింది. అల్లూరు రైతు ఒకాయన చీటీ పట్టుకుని "ఏందయ్యా, నా ముప్పై కౌంట్ యాడికి పోయింది?" అని నిలదీసేదాకా ఎవరికీ తెలీలేదు. మా వాళ్లేమో కాటా మీద, ప్రింటర్ మీద అనుమానపడ్డారు!

జావా అలవాటుతో నువ్వూ అదే రాస్తావు, కోపం తెచ్చుకోకు. కాన్‌స్ట్ రిఫరెన్సుతో తీసుకో. వెక్టర్‌లో సరుకుల్నే నేరుగా పెట్టినా ఇదే కోత, అక్కడ ఆబ్జెక్టు బదులు దాన్ని చూపించే యూనిక్ పాయింటర్లు వాడు, బేస్ డిస్ట్రక్టర్ వర్చువల్ చెయ్యడం మరవకు. ఎక్సెప్షన్లు కూడా రిఫరెన్సుతోనే పట్టాలి. అన్నిటికన్నా నన్నడిగితే, సరుకులో ధర ఫంక్షన్ని ప్యూర్ వర్చువల్ (పిల్ల క్లాసే రాసి తీరాలనేది) చేసెయ్, ఇక వాల్యూగా, అంటే కాపీగా, తీసుకోబోతే కంపైలరే ఒప్పుకోదు, నాకూ నిద్ర పడుతుంది.

వేళకి తిను, నీకు చిన్నప్పట్నుంచీ ఆ అలవాటు లేదు. కాటా దగ్గర పెట్టేముందు కోడ్ నాకు పంపు, వేరే ఏం కెలకను, పారామీటర్లు మాత్రం చూస్తా.

మామయ్య