ఆట మధ్యలో రూల్‌బుక్ తీయాలా, వద్దా?

తమ్ముడూ, గుంటూరు బ్రాడీపేటలో నువ్వు నడిపే ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసుకుని, పాచికలతో కథ నడిపే ఆట) రూల్‌బుక్ వెతుకులాటలోనే ఆగిపోతోందన్నావు. దెబ్బలు, మంత్రాలు, చావు దగ్గర పుస్తకంలో ఉన్నదే ఖాయం చెయ్యి. అక్కడ సొంతంగా తేల్చేస్తే పక్షపాతంలా కనిపిస్తుంది. మిగతాది నీ చేతిలో పెట్టుకో.

ఎవరైనా తన పాత్ర ప్రకాశం బ్యారేజీ మీంచి పడవలోకి దూకుతుందంటే పేజీలు తిప్పకు. ఈ ఆట ఐదో ఎడిషన్‌లో నెగ్గడానికి అందుకోవాల్సిన అంకె సులువైన పనికి 10, మధ్యస్థానికి 15, కష్టమైనదానికి 20 అని ఉంది. ఒక అంకె చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేయించు. ఆ అంకె, అది అందకపోతే ఏమవుతుందో, రెండూ పాచిక వేయకముందే చెప్పాలి. ఇది మాత్రం వదలకు! మంచి ఉపాయం చెప్పినవాడికి రెండు పాచికలిచ్చి, వచ్చిన వాటిలో పెద్ద అంకె తీసుకోనివ్వు.

నీ తీర్పు నోట్‌బుక్‌లో రాసుకో. అసలు రూలు ఆట అయ్యాక అందరూ కలిసి చూడండి. తేడా ఉంటే వచ్చే వారం నుంచి మార్చుకోండి, జరిగినదాన్ని మళ్లీ తిరగదోడొద్దు.