మేనకోడలికి ఒక ఉత్తరం: ఇంజిన్ పీల్చే గాలి, అందులోని దుమ్ము

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రాయింగులు మూడు రోజులుగా నా బల్ల మీదే ఉన్నాయి. రోజూ రాత్రి ఒకసారి తీసి చూస్తున్నాను. హెలికాప్టర్ ఇంజిన్ ముందు అమర్చే నీ దుమ్ము సెపరేటర్ ఆలోచన నాకు నచ్చింది. గాలి దారిని మూపురంలా వంచావు. బరువైన రేణువులు బయటి గోడ వైపు పోతాయి, శుభ్రమైన గాలి లోపలి దారిలో ఇంజిన్‌కి వెళ్తుంది. పేటెంట్‌కి వెళ్దామా మామయ్యా అని అడిగావు. వెళ్దువుగాని. కానీ నీ బొమ్మలో దుమ్ము వేరుపడేదాకా ప్రతి గీతా శ్రద్ధగా ఉంది, వేరుపడ్డాక అది పోయే దారి మాత్రం చుక్కల గీతగా మారి కాగితం అంచు దగ్గర ఆగిపోయింది. ముప్పై ఏళ్ల పనిలో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఆ చుక్కల గీత దగ్గరే పుట్టాయి. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడుగు.

దుమ్ము అంతా ఇంజిన్‌కి ఒకే రకం నష్టం చెయ్యదు. పెద్ద ఇసుక రేణువులు, గాలిని నొక్కి బిగించే కంప్రెసర్ బ్లేడ్ల అంచుల్ని అరగదీస్తాయి. బ్లేడ్ కొస అరిగితే కేసింగ్‌కీ దానికీ మధ్య సందు పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది, సర్జ్ అయ్యే ప్రమాదం, అంటే లోపలి గాలి తడబడి వెనక్కి తన్నే ప్రమాదం, దగ్గరపడుతుంది. సన్న దుమ్ము గాలితోపాటే బ్లేడ్ల మధ్య నుంచి జారుకుని ఇంధనం మండే కంబస్టర్ దాకా వెళ్తుంది. అక్కడి వేడికి కరిగి, టర్బైన్ ముందుండే నాజిల్ వేన్ల (గాలిని మళ్లించే కదలని రెక్కల) మీద గాజులా అంటుకుంటుంది. బ్లేడ్లను చల్లబరిచే సన్నటి రంధ్రాలు పూడిపోతాయి. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి 747 ఒకటి ఇండోనేషియాలో గలుంగ్‌గుంగ్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిదలోకి వెళ్లింది. నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం కిందికి జారుతూ బూడిదలోంచి బయటపడ్డాక, చల్లబడి గట్టిపడిన పెంకులు కొంత ఊడిపోవడంతో ఇంజిన్లు మళ్లీ అందుకున్నాయి. సెకనుకి వందల కిలోల గాలి పీల్చే అలాంటి ఇంజిన్‌కి ఫిల్టర్ కట్టి మొయ్యడం కుదరదు. ముందున్న ఫ్యానే బరువైన రేణువుల్ని బయటికి విసిరి, ఇంజిన్ లోపలికి వెళ్లకుండా చుట్టూ పోయే బైపాస్ దారిలోకి చాలావరకు తోసేస్తుంది. బూడిద మేఘాలకు దూరంగా ఎగరడమే మిగతా రక్షణ.

హెలికాప్టర్‌కి ఆ వీలు లేదు. దిగేచోట తన రోటర్ గాలితో తానే దుమ్ము లేపుకుంటుంది, ఆ దుమ్మునే పీలుస్తుంది. ఒక లెక్క వేసి చూడు. ఇంజిన్ సెకనుకి 4 ఘనపు మీటర్ల గాలి పీలుస్తోందనుకో, ప్రతి ఘనపు మీటరులో 1 గ్రాము దుమ్ము ఉందనుకో. నిమిషానికి 240 గ్రాములు. నాలుగు నిమిషాలు దుమ్ములో నిలబడి ఎగిరితే కిలోకి దగ్గర. నువ్వు నూటికి 95 పట్టినా 48 గ్రాములు లోపలికి పోతాయి. సెపరేటర్ పట్టిన మిగతా 900 పై చిలుకు గ్రాములు ఎక్కడికి పోయినట్టు? నీ చుక్కల గీతలోకి.

నువ్వు వాడుకుంటున్న సూత్రం తూర్పారబట్టడమే. గాలికి పొట్టు కొట్టుకుపోతుంది, గింజ తన దారిన తాను పడుతుంది. గాలి మలుపు తిరిగినప్పుడు రేణువు ఎంతసేపు మొండికేస్తుందన్నది దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 10 మైక్రాన్ల రేణువు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 1 మైక్రాన్ రేణువు కంటే వంద రెట్లు మొండిది. అందుకే మలుపుతో పెద్దవి తేలిగ్గా దొరుకుతాయి, సన్నవి జారిపోతాయి. పట్టు పెంచాలంటే మలుపు బిగించాలి. గాలిని సుడి తిప్పి దుమ్మును వేరుచేసే వోర్టెక్స్ ట్యూబులనే గొట్టాలు చాలా చిన్నవిగా ఉండటానికి కారణం ఇదే. గాలి సెకనుకి 20 మీటర్ల వేగంతో సుడి తిరుగుతుంటే, 10 సెంటీమీటర్ల వ్యాసార్థంలో రేణువు మీద సుమారు 400 జీ బలం, అంటే దాని బరువుకి 400 రెట్లు, పడుతుంది. వ్యాసార్థాన్ని 1 సెంటీమీటరుకి తగ్గిస్తే అదే వేగానికి 4,000 జీ. పైగా గోడ కూడా దగ్గరే. కాబట్టి ఒక పెద్ద గొట్టం బదులు వందల చిన్న గొట్టాల్ని పక్కపక్కనే పలకలా పేరుస్తారు. ఈ పద్ధతిలో కదిలే భాగాలు ఉండవు, అది నాకు చాలా ఇష్టం.

ఇంజిన్‌లోనే కలిసిపోయిన సెపరేటర్‌కి పాఠం లాంటిది 1970ల్లో జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన టీ700. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ ఇంజిన్లు దుమ్ముకి అరిగి గడువుకి ముందే దిగిపోవడం చూసి, ఈసారి రక్షణ ఇంజిన్‌తోపాటే పుట్టాలని పట్టుబట్టారు. ముందున్న వేన్లు గాలికి సుడి ఇస్తాయి, రేణువులు బయటికి పోతాయి, తర్వాతి వేన్లు ఆ సుడిని విప్పి గాలిని కంప్రెసర్‌కి తిన్నగా అందిస్తాయి. బయటికి పోయిన దుమ్మును ఇంజిన్ గేర్‌బాక్స్ తిప్పే బ్లోయర్ ఒకటి లాగి బయట పారేస్తుంది. ఆ బ్లోయర్‌ను డిజైన్ మొదటి రోజు నుంచే లెక్కలోకి తీసుకున్నారు చూడు, నేను చెప్పేది అదే.

నీ మూపురం విషయంలో ఒక హెచ్చరిక. పెద్ద రేణువులు తేలిగ్గా దొరుకుతాయని ఇందాక అన్నాను, అందులో సగమే నిజం. బాగా పెద్ద రేణువు గాలి మాట అసలు వినదు. గోడకి కొట్టుకుని బంతిలా తిరిగి వస్తుంది. తిరిగి వచ్చేది నీ శుభ్రమైన గాలి దారిలోకే వస్తే మలుపు బిగించినకొద్దీ నష్టమే. నీ కంప్యూటర్ లెక్కలో రేణువులన్నీ గుండ్రంగా ఉన్నాయి, తాకినచోట చెప్పినట్టు వెనక్కి మళ్లాయి. నిజమైన ఇసుక కోణాలు కోణాలుగా ఉంటుంది, ఎటు ఎగిరేదీ చెప్పలేం. బయటి గోడ వాలును మార్చి, మొదటి దెబ్బకి ఎగిరిన రేణువు కూడా స్కావెంజ్ (వేరుపడ్డ దుమ్మును బయటికి లాగేసే దారి) నోట్లోనే పడేలా గియ్యి. నీ దగ్గర కొత్తదనం ఏదైనా ఉంటే అది ఈ గోడలోనే ఉంటుందని నా నమ్మకం.

ఇక స్కావెంజ్. దుమ్మును మోసుకుపోవడానికి కొంత గాలిని వదులుకోవాలి. నువ్వు 15 శాతం అని రాశావు. అంటే ఏ మలుపూ లేని గొట్టాన్ని రెండుగా చీల్చినా, 15 శాతం గాలితో 15 శాతం దుమ్ము అటు పోయేదే. నీ ఆవిష్కరణ ఘనత ఆ పైన ఉన్నదే. ఆ 15 శాతం గాలిని లాగడానికి పవర్ కావాలి, ఆ పవర్ ఇంజిన్ నుంచే రావాలి. గొట్టాలు ఎక్కువ ఉండి అన్నీ ఒకే పెట్టెలోకి తెరుచుకుంటే, బ్లోయర్ దగ్గరివి బాగా లాగుతాయి, దూరంవి సరిగ్గా లాగవు. కొన్నింట్లో గాలి వెనక్కి తిరిగి, పట్టిన దుమ్మును మళ్లీ ఇంజిన్‌కే అప్పజెబుతుంది.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక టెస్ట్ రిగ్గు మీద మా సెపరేటర్‌కి చక్కటి అంకెలు వచ్చాయి. అందరం సంతోషించాం. కొన్ని వారాల తర్వాత అవే పరీక్షలు మళ్లీ చేస్తే అంకెలు పడిపోయాయి. సెపరేటర్‌ని విప్పి చూశాం, గీత కూడా పడలేదు. రెండు రోజులు టెన్షన్‌తో నిద్ర లేదు. చివరికి స్కావెంజ్ బ్లోయర్ మూత తీస్తే, దాని రెక్కలు కొసల దగ్గర కాగితంలా పల్చబడిపోయి ఉన్నాయి. ఇంజిన్ బ్లేడ్లను కాపాడాలని, ఆ దుమ్మునంతా పోగుచేసి వేరే బ్లేడ్ల మీదికి పంపాం. దాని అరుగుదలని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు. నీ బ్లోయర్ రెక్కల మందం, లోహం, ఎన్ని గంటలకి మార్చాలన్నది ఇప్పుడే రాసిపెట్టు.

అసలు ఫిల్టరే పెడితే పోదా అని నీ స్నేహితురాలు అన్నదట. తప్పేం లేదు. నూనె పట్టించిన కాటన్ పొరల్ని మడతలుగా పెట్టే బ్యారియర్ ఫిల్టర్లు చాలా హెలికాప్టర్లకి ఉన్నాయి. సన్న దుమ్మును అవి సెపరేటర్ల కంటే బాగా పట్టుకుంటాయి. కానీ పట్టిన దుమ్ము అక్కడే ఉండిపోతుంది, గాలి లాగడం కష్టమవుతూ పోతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో గ్యాస్ టర్బైన్‌తో నడిచే అమెరికా ఎమ్1 ఏబ్రమ్స్ యుద్ధ ట్యాంకుల సిబ్బంది మాటిమాటికీ ఫిల్టర్లు బయటికి తీసి శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది. తర్వాత గాలి పల్స్‌లతో తనంతట తానే శుభ్రమయ్యే ఫిల్టర్లు ట్యాంకుల్లోకి వచ్చాయి. ఎడారి ప్రాంతాల పవర్ ప్లాంట్లలో కూడా ఇదే పద్ధతి, వెనక నుంచి ఒక్కసారి గాలి దెబ్బ కొడితే పేరుకున్న దుమ్ము రాలుతుంది. పొగమంచు పడితే మాత్రం దుమ్ము తడిసి ముద్దవుతుంది, పల్స్‌కి రాలదు, ప్రెషర్ డ్రాప్ (ఫిల్టర్ దాటేటప్పుడు గాలి పోగొట్టుకునే ఒత్తిడి) గంటల్లో ఎగబాకుతుంది. విద్యుత్తు తయారుచేసే టర్బైన్లలో ఇన్లెట్ దగ్గర 10 మిల్లీబార్ల ప్రెషర్ పోతే సుమారు ఒకటిన్నర శాతం పవర్ పోతుందని మేం లెక్క వేసుకునేవాళ్లం.

ఎగిరే ఇంజిన్‌కి ఫిల్టర్ పెడితే బైపాస్ తలుపు కూడా ఉండి తీరాలి. ఫిల్టర్ మంచుతోనో బురదతోనో మూసుకుపోయినప్పుడు మురికి గాలైనా సరే ఇంజిన్‌కి అందాలి. అరిగిన ఇంజిన్ ఇంటికి చేరుస్తుంది, ఊపిరాడని ఇంజిన్ చేర్చదు. నీ డిజైన్‌లో బ్లోయర్ ఆగిపోతే ఏమవుతుందో ఒక పేజీ రాయి.

పరీక్షకి పారదర్శకమైన యాక్రిలిక్ నమూనా చాలు. దుమ్ముని మాత్రం ఇష్టం వచ్చినట్టు ఎంచుకోకు. ఐఎస్ఓ 12103-1 ప్రమాణంలోని ఏ2 సన్న దుమ్ము, ఏ4 ముతక దుమ్ము రెండూ వాడు. బరువు లెక్కన వచ్చే శాతం మోసం చేస్తుంది. 100 మైక్రాన్ల రేణువు ఒక్కటి 1 మైక్రాన్ రేణువులు పది లక్షలంత తూగుతుంది. ముతక దుమ్ముతో వచ్చిన 99 ని సన్న దుమ్ము ముందు పెడితే నిలబడదు. ఇంజిన్ వైపు దారి చివర ఒక నమ్మకమైన ఫిల్టర్ పెట్టి, వేసిన దుమ్ము, స్కావెంజ్‌లో దొరికింది, ఇంజిన్ వైపు దొరికింది, మూడూ తూచు. కూడితే సరిపోవాలి. సరిపోకపోతే ఆ తేడా గోడలకి అంటుకుని ఉన్నట్టు, అది ఏదో ఒకరోజు గడ్డగా ఊడి ఇంజిన్‌లోకే వస్తుంది.

పేటెంట్ గురించి. బొమ్మలు చూసి మురిసిపోకు, వెనకాల ఉండే క్లెయిములు చదువు. హక్కు ఉండేది ఆ వాక్యాల్లోనే. పేటెంట్లను విషయాల వారీగా విడదీసే కోడ్‌లలో ఎఫ్02సి 7/052 అనే వర్గం కింద గ్యాస్ టర్బైన్ దుమ్ము సెపరేటర్లన్నీ దొరుకుతాయి. బి64డి 33/02 లో విమానాల ఇన్లెట్లు, బి01డి 45 లో మలుపులతో, సుడులతో రేణువుల్ని వేరుచేసే పద్ధతులు ఉంటాయి. పాతవి కూడా చదువు. దరఖాస్తు పెట్టిన 20 ఏళ్లకి గడువు తీరిపోతుంది, ఆ తర్వాత అందులోని మంచి ఆలోచనని ఎవరైనా వాడుకోవచ్చు. మూపురం కోసమే క్లెయిమ్ రాస్తే నీకంటే ముందు చాలామంది ఉన్నారు. ఎగిరిన రేణువుని పట్టే గోడ వాలు, స్కావెంజ్ దారి, రెండూ కలిపి రాస్తే నీకు చోటు దొరకొచ్చు. దరఖాస్తు పెట్టేదాకా ఎక్కడా ప్రదర్శించకు, వ్యాసం రాయకు. నువ్వే బయటపెట్టిన సంగతి కూడా చాలా దేశాల్లో కొత్తది కాదని కొట్టేస్తారు.

పరీక్ష దుమ్ములో ఎక్కువ భాగం సిలికా. సన్నది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్లీ బయటికి రాదు. సరైన రెస్పిరేటర్ పెట్టుకోకుండా రిగ్గు దగ్గరికి వెళ్లకు, ఊడ్చేటప్పుడు కూడా. ఈ ఒక్క విషయంలో నీ మామయ్య మాట కాదనకు తల్లీ.

మూడు తూకాలు, స్కావెంజ్ దారి పూర్తి డ్రాయింగు పంపితే, నేను వాటి మీద ఎర్ర పెన్నుతో రాసి పంపుతాను.

ఇట్లు,
మామయ్య