కోచ్ కాబోతున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పోటీల ఆట మానుకొని హైదరాబాద్‌లో పిల్లలకు టెన్నిస్ నేర్పబోతున్నావని అన్నయ్య చెప్పగా విని ఎంతో సంతోషించాను. ఆ రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. కోర్టు అద్దె, లైట్లు, బంతుల ఖర్చు ముందే లెక్క వేసుకో. కోచింగ్ సర్టిఫికెట్ కోర్సును వాయిదా వేయకు. నా బెంగ వీటి గురించి కాదు.

నీ ఆటకు బలం నీ సర్వీసే. అటువంటి ఆటగాడే ఒకడు చాలా ఏళ్ల క్రితం కోచ్‌గా మారి, పన్నెండేళ్ల కుర్రవాడి చేత రోజూ బుట్టలకొద్దీ కిక్ సర్వ్‌లు కొట్టించాడు. నడుమును వెనక్కి విల్లులా వంచి కొట్టే ఆ సర్వ్ ఎదుగుతున్న వెన్నుకు ఎంత భారమో ఆయనకు తోచలేదు, ఎందుకంటే తాను దానిని నేర్చుకున్నది ఒళ్లు గట్టిపడిన తరువాత. కుర్రవాడు నడుము నొప్పి అంటే బద్ధకమన్నాడు. వెన్నుపూసలో సన్నని బీట పడిందని డాక్టరు తేల్చేసరికి ఆలస్యమైంది. ఆ పిల్లవాడు మళ్లీ పోటీలకు రాలేదు. ఆ కోచ్ చెడ్డవాడేమీ కాడు, తన శరీరాన్నే అందరికీ కొలతగా పెట్టుకున్నాడు. ఆ గుణం నీలోనూ ఉంది, కోపగించుకోకు. జ్వరంతో ఆడి గెలిచిన సంగతి ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటావు. పిల్లల ముందు మాత్రం ఎత్తకు.

పదేళ్లలోపు పోటీల్లో మామూలు పసుపు బంతి వాడరాదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులు నెమ్మదిగా వచ్చి, తక్కువ ఎత్తుకు లేస్తాయి కాబట్టి పిల్లవాడు భుజం పైకెత్తి తంటాలు పడనక్కరలేదు. "మా వాడికి ఇంకా పసిపిల్లల బంతులేనా?" అని తల్లిదండ్రులు తప్పక అడుగుతారు. లొంగకు.

పెద్ద టైటిళ్లు లేనివాడి మాట ఎవరు వింటారని దిగులు పడుతున్నావట. తరువాత పెద్ద చాంపియన్ అయిన ఇవాన్ లెండిల్ కూడా తన మొదటి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌లోనూ ఓడాడు, వింబుల్డన్ ఎన్నడూ గెలవలేదు. బ్రిటన్ ఆటగాడు ఆండీ ముర్రే కూడా మొదటి నాలుగు ఫైనల్స్ ఓడినవాడే. లెండిల్ శిక్షణలోనే 2012లో యూఎస్ ఓపెన్, 2013లో వింబుల్డన్ గెలిచాడు. ఓడినవాడి పక్కన ఎలా కూర్చోవాలో నీకూ తెలుసు నాన్నా, అది అందరికీ తెలిసిన విద్య కాదు.

మొదట్లో నీ వేగం చూపించకుండా చేత్తోనే బంతులు వేయి. నొప్పి అన్న పిల్లవాడిని ఆ పూటే ఇంటికి పంపు. ఫీజు దండగ అని తండ్రి గొడవపడితే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఇట్లు,
మీ బాబాయి